మగగొంతుల క్వయర్‌కు పాట కట్టాను: నా అనుభవం

ఆ స్వరరచన పోటీ ప్రకటనలో మొదటి నియమమే నాకు చికాకు తెప్పించింది. స్వరకర్త తప్పనిసరిగా మహిళ అయి ఉండాలి. రచన మాత్రం పూర్తిగా మగవాళ్ల క్వయర్, అంటే బృందగాన మేళం కోసం. ఇన్నేళ్లు పియానో ముందు కూర్చున్నాక కూడా నన్ను పక్కకు తీసుకెళ్లి వేరే వరుసలో నిలబెట్టి కొలవడమెందుకు? మన ఆర్టీసీ బస్సుల్లో ‘స్త్రీలకు మాత్రమే’ అని రాసి ఉండే సీట్లు గుర్తొచ్చాయి. ఆ సీట్లు అవసరమే, కాదనను. కానీ అందులో కూర్చున్న ప్రతిసారీ, బస్సు మిగతా భాగం ఎవరిదో కూడా ఆ రాత చెప్పకనే చెబుతుంటుంది.

చికాకుతోనే నియమాలు చివరిదాకా చదివాను. నిడివి మూడు నుంచి ఐదు నిమిషాలు. పైస్థాయి గొంతులైన టెనర్లు రెండు వరుసలు, మధ్యస్థాయి బారిటోన్లు ఒక వరుస, కిందిస్థాయి బేస్‌లు ఒక వరుస, మొత్తం నాలుగు గొంతులు. పియానో ఉండవచ్చు, లేకపోవచ్చు. ఇంతకుముందు ఎక్కడా పాడి ఉండకూడదు, అచ్చయి ఉండకూడదు. వృత్తిగాయకులు కాని బృందం కొద్ది వారాల సాధనతో పాడగలిగేలా ఉండాలి. స్వరలిపి మీద అసలు పేరు బదులు మారుపేరు ఉండాలి. ప్రవేశ రుసుము పెద్దదేమీ కాదు. గెలిచిన పాటను ఆ పోటీ పెట్టిన సంగీతోత్సవంలో పాడతారు.

నేనుండేది కార్న్‌వాల్‌లో. ఇంగ్లండ్ నైరుతి కొసన సముద్రంలోకి చొచ్చుకుపోయిన నేల అది. ఒకప్పుడు తగరానికీ రాగికీ పేరుమోసిన ప్రాంతం. కాంబోర్న్, రెడ్రూత్ చుట్టుపక్కల ఎటు చూసినా పాడుబడిన ఇంజన్ హౌసులు (గని యంత్రాలను ఉంచిన రాతి కట్టడాలు), వాటి పొడవాటి పొగగొట్టాలు కనిపిస్తాయి. చివరిదాకా నడిచిన సౌత్ క్రాఫ్టీ గని 1998లో మూతపడింది. గనులు పోయినా పాట పోలేదు. పెద్ద పల్లె అనదగ్గ చాలాచోట్ల ఒక మగవాళ్ల క్వయర్ ఉంటుంది. వేల్స్‌లోనూ అంతే. బొగ్గుగని లోయల్లో పుట్టిన ట్రియోర్కీ బృందం 1883 నాటిది, పెండైరస్ బృందం 1924 నాటిది. పగలంతా భూమి లోపల పనిచేసినవాళ్లు సాయంత్రం మెథడిస్టు చాపెల్‌లో, అంటే ఆ ప్రొటెస్టెంట్ శాఖవాళ్ల చిన్న చర్చిలో, నాలుగు వరుసలుగా నిలబడి కీర్తనలు పాడేవాళ్లు. ఈ క్వయర్‌లు చాలావరకు అక్కడినుంచి వచ్చినవే. రెడ్రూత్ దగ్గర గ్వెనప్ పిట్ అనే, చుట్టూ మెట్లున్న గుంత ఉంది. కింద గని తవ్వకాల వల్ల నేల కుంగి ఏర్పడిందంటారు. మెథడిస్టు శాఖకు మూలపురుషుడైన జాన్ వెస్లీ 18వ శతాబ్దంలో పదేపదే వచ్చి బోధించింది అక్కడే. ఆ మెట్లమీద కూర్చుని పాడితే గొంతు ఎంత దూరం పోతుందో స్వయంగా పాడి చూశాను.

నేను అలాంటి ఒక బృందానికి పియానో వాయిస్తాను. పాడేవాళ్లలో ఎక్కువమంది తలలు నెరిసినవాళ్లు. రైతులు, రిటైరైన టీచర్లు, ఒక దంతవైద్యుడు, సౌత్ క్రాఫ్టీలో దిగి పనిచేసినవాళ్లు కొందరు.

ఇక్కడికి రాకముందు నాది కోలార్ గోల్డ్ ఫీల్డ్స్. కర్ణాటకలో ఉన్నా, గని కాలనీల్లో తమిళం, తెలుగు వినిపించే ఊరు అది. చిత్తూరు వైపు నుంచి గని పనికి వచ్చిన కుటుంబాల్లో మాదొకటి. 1880ల నుంచి ఆ గనులను నడిపించింది లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్. ఆ కంపెనీ మేస్త్రీలుగా, ఇంజనీర్లుగా తెచ్చుకున్నవాళ్లలో కార్న్‌వాల్ మనుషులు చాలామంది. చిన్నప్పుడు నాకు ఇదేమీ తెలియదు. బంగారం తీశాక మిగిలిన మట్టి పోసిన సయనైడ్ దిబ్బలు, షిఫ్టు సైరను, భూమి లోపల రాయి పేలినప్పుడు ఇంట్లో గిన్నెలు గలగలలాడడం, ఇవీ నాకు తెలిసిన గనులు. మా తెలుగు చర్చి క్వయర్‌లో పాడేదాన్ని. అదే వీధిలో ఉన్న ఒక మేష్టారి దగ్గర కర్ణాటక సంగీతం సరళీస్వరాలు, అలంకారాలు, కొన్ని వర్ణాలు నేర్చుకున్నాను. కోలార్ గనులు 2001లో మూతపడ్డాయి. నేను పెళ్లయి ఇక్కడికి వచ్చాక, మా బృందంలో ఒక బేస్ గాయకుడు టీ విరామంలో తన ముత్తాత ‘ఇండియాలో కోలార్ అనే చోట’ పనిచేశాడని యథాలాపంగా అన్నాడు. నేనక్కడే పుట్టానని చెబితే ఆయన నమ్మలేదు. తర్వాతి వారం ఒక పాత ఫొటో తెచ్చి చూపించాడు. అందులో తెల్ల టోపీవాళ్ల వెనక నిలబడ్డవాళ్లలో మావాళ్లు ఎవరైనా ఉన్నారేమోనని నేను వెతికాను. ఆయన తన ముత్తాతను వెతుక్కున్నాడు. ఆయనకు దొరికాడు.

పోటీ సంగతి అమ్మకు ఫోన్‌లో చెబితే, “మగవాళ్లు పాడే పాట నువ్వు రాయడమేమిటే, వాళ్లలో రాసేవాళ్లే లేరా?” అంది. నిజానికి అదే అసలు ప్రశ్న. ఒకరోజు సాధన ముగిశాక మా బృందం స్వరలిపులు దాచుకునే అలమరా ముందు కూర్చుని కాగితాలు తిరగేశాను. స్వరకర్తల పేర్లలో ఆడపేరు దొరకడానికి చాలాసేపు పట్టింది. మగవాళ్లకే ఈ పాటలు రాయడం వచ్చునా? కాదు. ఈ పాటలు పుట్టింది లోపల నిలబడి పాడినవాళ్ల నుంచి. ఇలోగన్‌కు చెందిన థామస్ మెరిట్ గని కార్మికుడు. 1908లో చనిపోయాడు. ఆయన కట్టిన క్రిస్మస్ పాటలు వలసపోయిన కార్మికులతో పాటు కాలిఫోర్నియాలోని గ్రాస్ వ్యాలీ దాకా, దక్షిణ ఆస్ట్రేలియా దాకా వెళ్లాయి. వేల్స్‌లో జోసెఫ్ పారీ చిన్నతనంలో గనిలోనూ ఇనుప కర్మాగారంలోనూ పనిచేసినవాడు. ఇలాంటివాళ్లు రోజూ పక్కవాడి గొంతు విని, ఏ స్వరం దగ్గర ఏ గొంతు బిగుసుకుంటుందో ఒంటికి పట్టించుకుని రాశారు. ఆడవాళ్లకు ఆ చోటు లేదు.

అయితే ఆడవాళ్లు ఆ గదిలో లేరనుకుంటే పొరపాటు. మా చుట్టుపక్కల బృందాల్లో చాలావాటికి పియానో వాయించేది ఆడవాళ్లే. కొన్నిటిని నడిపించేదీ వాళ్లే. టెనర్లు తడబడితే వాళ్ల వరుస వాయించి చూపించేది, బేస్‌లు శ్రుతి దిగజారితే మెల్లగా ఒక స్వరం కొట్టి పైకి లేపేది మేమే. అంతెందుకు, ఈ క్వయర్‌లలో తరతరాల పాటు చదువురాని వాళ్లు కూడా పాట చదవగలిగేలా చేసిన సోల్‌ఫా పద్ధతికి (స్వరాలను డో, రే, మీ అని అక్షరాలతో రాసే పద్ధతి) మూలం నారిచ్‌కు చెందిన సారా గ్లవర్ అనే టీచరమ్మ. జాన్ కర్వెన్ దాన్ని తీసుకుని సవరించి ప్రపంచమంతా తిప్పాడు. మా కోలార్ చర్చిలో మాకు నేర్పిందీ అదే. సరిగమలు ముందే వచ్చినదాన్ని కనుక, ఏ శ్రుతిలో మొదలుపెట్టినా ఆధార స్వరం ‘డో’ అవుతుందంటే నాకు వింతగా అనిపించలేదు. మా షడ్జమం చేసే పనీ అదే కదా. అలాంటి గదిలో, అన్ని వరుసలూ చెవిలో ఉన్నవాళ్లను ‘నువ్వొకటి రాయి’ అని అడిగినవాళ్లు లేరు. అందుకే ఈ పోటీ పెట్టారని అర్థమయ్యాక నా చికాకు కొంత తగ్గింది. పూర్తిగా పోలేదు. ఇప్పటికీ పోలేదు.

రాయాలని నిశ్చయించుకున్నాక మొదటి చిక్కు మాటల దగ్గరే వచ్చింది. బ్రిటన్‌లో కవి చనిపోయి 70 ఏళ్లు దాటితే గానీ అతని మాటలను అనుమతి లేకుండా వాడుకోకూడదు. బతికున్న కవుల ప్రచురణకర్తలకు ఉత్తరాలు రాసి, జవాబు కోసం కూర్చునే ఓపిక నాకు లేదు. నేనే రాసుకుంటే ఆ గొడవే ఉండదు. దేని గురించి అన్నది అసలు విషయం. గని పాటలన్నీ చావు చుట్టూ తిరుగుతాయి. తిరగక ఏం చేస్తాయి! 1919 అక్టోబరులో సముద్రపుటొడ్డున ఉన్న లెవంట్ గనిలో మనుషుల్ని పైకీ కిందికీ చేరవేసే యంత్రం తెగిపడి 31 మంది చనిపోయారు.  కానీ ఆ విషాదం మీద కొత్తగా నేను చెప్పేదేముంది?

మనసు బాల్ మెయిడెన్ల మీదికి, అంటే గనుల దగ్గర పనిచేసిన ఆడవాళ్ల మీదికి పోయింది. కార్న్‌వాల్ గనుల్లో ఆడవాళ్లు భూమి లోపలికి దిగలేదు. గని బయట, నేల మీద పనిచేశారు. 19వ శతాబ్దంలో వేలమంది. కింద మగవాళ్లు తవ్వి పంపిన రాయిని వీళ్లు పైన పగలగొట్టేవాళ్లు. రాగి ముడిరాయికైతే మూడు దశలు. మొదట స్పాలింగ్: పొడుగు పిడి ఉన్న పెద్ద సుత్తితో బండలను ముక్కలు చేయడం. తర్వాత కాబింగ్: కూర్చుని చిన్న సుత్తితో పనికిరాని రాయిని కొట్టి వేరుచేయడం. చివర బకింగ్: బల్లపరుపు ఇనుప సుత్తితో ముక్కలను నలగ్గొట్టి పొడి చేయడం. ఎండకూ, ఎగిరే రాతి ముక్కలకూ అడ్డంగా తలకు గూక్ అనే బొనెట్, ముందు తెల్ల ఏప్రన్. పాత ఫొటోల్లో ఆ తెలుపు చూస్తే ఆశ్చర్యమేస్తుంది. అంత దుమ్ములో పనిచేసే మనిషి తెల్లబట్ట కట్టుకోవడం వెనక ఎంత చాకిరీ, ఎంత పట్టుదల ఉండాలి!

ఆ మూడు దశల గురించి చదువుతుండగానే పాట కట్టుబడి కనిపించింది. సుత్తి చిన్నదవుతున్న కొద్దీ దెబ్బ వేగం పెరుగుతుంది. మా మేష్టారి దగ్గర ఒకే అలంకారాన్ని మొదటి కాలంలో, రెండవ కాలంలో, మూడవ కాలంలో పాడినవాళ్లకు ఇందులో వివరించాల్సిందేమీ లేదు. తాళం మారదు, దెబ్బకు ఒక అక్షరం, రెండు అక్షరాలు, నాలుగు అక్షరాలు. బేస్‌లకు మొదటి కాలం ఇచ్చాను, పెద్ద సుత్తి వాళ్లది. బారిటోన్లకు రెండవ కాలం. రెండవ టెనర్లకు మూడవ కాలం, నాలుక చివర పలికే చిన్నచిన్న మాటలతో. ఈ మూడూ ఒకదాని మీద ఒకటి పేరుకున్నాక, పైన మొదటి టెనర్లు తీరిగ్గా సాగే ఒక వరుస పాడతారు. అసలు పాట అదే. ఆ వరుసలో మాట్లాడేది బాల్ మెయిడెన్. “నేను పగలగొట్టిన రాయి నీ చేతుల్లోంచి వచ్చింది, నీ ముఖం మాత్రం చీకటి పడ్డాకే చూస్తాను” అన్న అర్థం వచ్చే పంక్తులు ఇంగ్లీషులో రాసుకున్నాను.

నలుగురు స్నేహితులు అడిగారు, “ఇందులో ఇండియన్ సంగీతం ఉంటుందా?” అని. ఒక రాగం ఛాయ, ఒక తంబురా ధ్వని, రెండు తెలుగు మాటలు ఉంటే వాళ్లకు తృప్తిగా ఉండేదేమో. నాకు ఇష్టం లేకపోయింది. నా పేరు చూసి నా పాటలో దినుసులు వెతకడం నాకు నచ్చదు. మూడు కాలాల సంగతి నేను చెబితే తప్ప ఎవరికీ తెలియదు. తెలియకపోయినా పాటకు నష్టం లేదు.

మగగొంతులకు రాయడంలో అసలు కష్టం చోటు చాలకపోవడం. ఆడా మగా కలిసిన క్వయర్‌లో కింది బేస్ నుంచి పై సొప్రానో (ఆడవాళ్ల పైగొంతు) దాకా మూడు స్థాయిలు (ఆక్టేవ్‌లు) దాటిన మేడ ఉంటుంది. మగవాళ్ల క్వయర్‌లో, వృత్తిగాయకులు కాని వాళ్లతో, కింద మిడిల్ సికి (పియానో నడుమ ఉండే సి స్వరానికి) ఒకటిన్నర స్థాయి దిగువన ఉన్న ఎఫ్. పైన మిడిల్ సి మీది బి ఫ్లాట్. అది కూడా ఎప్పుడో ఒకసారి. అంటే సుమారు రెండున్నర స్థాయిల్లో నాలుగు కుటుంబాలు కాపురం చేయాలి. పైగా కింది స్థాయిలో స్వరాలు ఇరుగ్గా ఉంటే ఒకదాని కంపనలు ఇంకొకదానితో రాసుకుని ధ్వని బురదబురదగా తయారవుతుంది. పియానో మీద రెండు చేతులతో ముద్దుగా మోగిన కూర్పే నలభై మంది మగవాళ్లు మంద్రంలో పాడితే హూంకారంలా వినిపిస్తుంది. అందుకని కింద ఇద్దరి మధ్య పంచమమో, పూర్తి స్థాయి దూరమో ఉంచి, గాంధారాన్ని పైకి, టెనర్ల చేతికి ఇవ్వాలి. పియానో దగ్గర కూర్చున్నదాన్ని కనుక ఇది నాకు పుస్తకంలో చూడాల్సిన పని లేకపోయింది. ఏ పాటలో ఎక్కడ బురద మొదలవుతుందో ప్రతి బుధవారం వింటూనే ఉన్నాను.

టెనర్ల సంగతి వేరు. మిడిల్ సి పైన ఈ, ఎఫ్ స్వరాల దగ్గర మగగొంతు ఒక మలుపు తిరుగుతుంది. ఆ మలుపు మీద ఎక్కువసేపు నిలబెడితే పాపం అరవక తప్పదు. అక్కడ ‘ఈ’ అనే అచ్చు పెడితే గొంతు మూసుకుంటుంది, ‘ఆ’ పెడితే తెరుచుకుంటుంది. కాబట్టి రెండో చరణం చివర మాటలు మార్చుకున్నాను. కవిగా నాకు ముందున్న మాటే బాగుంది. పాడేవాళ్ల పక్షాన నిలబడి రెండోది ఉంచాను. ఇంకో మాట. ఈ బృందాల గురించి బయటివాళ్లకు ఉన్న ఊహ ఏమిటంటే, నలభై మంది కలిసి గోడలు అదిరేలా పాడడమే వీళ్ల గొప్ప అని. పక్కన కూర్చుని విన్నవాళ్లకు తెలుసు, వీళ్ల అసలు అందం మెత్తగా పాడినప్పుడు బయటపడుతుంది. బారిటోన్లూ రెండవ టెనర్లూ నోరు సగం మూసి పాడే మధ్యస్థాయి ధ్వని ఇంకే క్వయర్‌లోనూ రాదు. నా పాటలో గట్టిగా పాడే చోటు ఒక్కటే పెట్టాను.

రాతపనికి మ్యూజ్‌స్కోర్ అనే స్వరలిపి సాఫ్ట్‌వేర్ వాడాను. ఉచితంగా దొరుకుతుంది, నాకు అలవాటైంది. దానిలోనే పాటను వినిపించే ఏర్పాటు ఉంది, కానీ దాన్ని నమ్ముకుంటే మునిగినట్టే. కంప్యూటర్‌లోని మగగొంతులు అలసిపోవు, ఊపిరి తీసుకోవు, వాటి మంద్రంలో బురద ఉండదు. పన్నెండు మాత్రల దీర్ఘస్వరం అది పాడినంత హాయిగా డెబ్బై ఏళ్ల మనిషి పాడలేడు. అలాంటి చోట ‘వంతులవారీగా ఊపిరి’ అని రాసి పెట్టాలి, అంటే పక్కవాడు ఆగినప్పుడు నేను ఆగకూడదు. నేను ప్రతి వరుసనూ నా గొంతుతో, ఒక స్థాయి పైన, నిలబడి పాడి చూసుకున్నాను. పాడుతూ ఊపిరి అందని చోటల్లా పెన్సిల్‌తో గీత. మా ఇంటాయన పక్క గదిలోంచి “ఏం పగలగొడుతున్నావు?” అని అడిగేవాడు. ఆయనకు వినిపించేది బకింగ్ వరుస ఒక్కటే మరి.

మారుపేరుతో పంపడంలో ఒక సంగతి చెప్పాలి, పోటీలకు పంపేవాళ్లకు పనికొస్తుంది. మొదటి పేజీ మీద పేరు తీసేస్తే సరిపోదు. పీడీఎఫ్ ఫైలు వివరాల్లో కంప్యూటర్ యజమాని పేరు దానంతటదే నమోదై ఉండవచ్చు. ఫైలు పేరులో కూడా ఉండవచ్చు. అవన్నీ చూసి తుడిచాను. మారుపేరుగా ఒక కార్న్‌వాల్ పువ్వు పేరు పెట్టుకున్నాను. వేల్స్‌లో జాతీయ ఐస్టెడ్‌ఫడ్ అనే సాహిత్య, సంగీతోత్సవంలో కవులూ స్వరకర్తలూ ఇప్పటికీ మారుపేర్లతోనే పోటీపడతారు. అర్హత ఉన్న రచన లేదనుకుంటే న్యాయనిర్ణేతలు బహుమతే ఇవ్వకుండా ఊరుకుంటారు. ఆ కాఠిన్యం నాకు ఇష్టం.

కొన్ని నెలలకు తుదిజాబితాలో నా పాట ఉందని తెలిసింది. తుది పాటలను పరీక్షగా పాడేది మా బృందం కాదు, వేరే ఊరివాళ్లు. న్యాయం కోసం అలా పెట్టారు, మంచిదే. వాళ్ల సాధనకు స్వరకర్తలందర్నీ పిలిచారు. పాత చాపెల్, మూడు వైపులా చెక్క గ్యాలరీలు. చెక్క వల్ల ప్రతిధ్వని తక్కువ, అది నా అదృష్టం. ట్రూరో కెథడ్రల్ లాంటి చోటైతే మూడవ కాలంలో పలికే మాటలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయేవి.

మొదటి పది నిమిషాలు గందరగోళం. బేస్‌లు సుత్తి దెబ్బ వేస్తూ వేస్తూ పక్కవాళ్ల వేగానికి లొంగిపోయారు. మూడు కాలాలు కాస్తా ఒకటిన్నర కాలమయ్యాయి. నిర్దేశకుడు చేయి ఆపి నా వైపు చూశాడు. నేను లేచి, తొడ మీద తాళం వేసి చూపించాను: ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు, మళ్లీ దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. ఆదితాళం అని పేరు చెప్పలేదు. లావాటి వేళ్లున్న పెద్దమనుషులు తొడల మీద లెక్కపెట్టుకుంటూ పాడడం మొదలుపెట్టారు. రెండవ టెనర్లలో ఒకాయన ఉంగరం వేలు ఎత్తడం రాక రెండో చేత్తో పట్టుకుని ఎత్తాడు. పాట కుదిరింది.

తర్వాత చిన్న వాదం జరిగింది. చివరి పేజీకి వచ్చేసరికి మొదటి టెనర్లు అలసిపోతున్నారు, పాట మొత్తాన్ని అర స్వరం కిందికి దించుదామని నిర్దేశకుడు అన్నాడు. ఆయన చెప్పినదాంట్లో న్యాయముంది. కానీ దించితే బేస్‌ల కింది ఎఫ్ కాస్తా ఈ అవుతుంది. ఆ బృందంలో ఆ స్వరం నిండుగా పలికేవాళ్లు ఇద్దరో ముగ్గురో. పెద్ద సుత్తి లేని పాట నాకు అక్కర్లేదు. ఒప్పుకోలేదు. దానికి బదులు చివరి పేజీలో రెండు చోట్ల అసలు వరుసను రెండవ టెనర్లకు ఇచ్చి, ఆ కాసేపు మొదటి టెనర్లను ఊరుకోబెట్టాను. అక్కడే కూర్చుని పెన్సిల్‌తో మార్చి ఇచ్చాను. ఎవరూ చెప్పకపోయినా ఆ మార్పు పాటకు మేలే చేసింది. ఒక వరుస చేతులు మారితే అదే మాటకు వేరే మనిషి వచ్చినట్టుంటుంది.

న్యాయనిర్ణేతల్లో ఒకరు అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ బాగా గుర్తు. “ఆడమనిషి ‘నేను’ అని చెప్పే మాట మగవాళ్లు పాడితే వినేవాళ్లకు వింతగా ఉండదా?” అన్నారు. ఈ బృందాలు వందేళ్లకు పైగా ప్రియురాళ్ల గురించి, తల్లుల గురించి, ఎదురుచూసే భార్యల గురించి కన్నీళ్లు పెట్టించేలా పాడుతున్నాయి. జోసెఫ్ పారీ కట్టిన ‘మిఫాన్వీ’ అనే ప్రేమపాటలోని ప్రియురాలినైతే 1875 నుంచి వదలకుండా బతిమాలుతున్నారు. ఆ మిఫాన్వీకి ఒక్క పంక్తి జవాబు లేదు. అది ఎవరికీ వింతగా అనిపించలేదు కదా అన్నాను. ఆవిడ నవ్వి ఏదో రాసుకున్నారు. మార్కులు కలిశాయో తగ్గాయో తెలియదు. బృందంలోని మగవాళ్లకు మాత్రం ఆ ఇబ్బంది లేదు. సౌత్ క్రాఫ్టీలో పనిచేసిన ఒక బారిటోన్ విరామంలో వచ్చి, వాళ్ల ముత్తవ్వ గనిమీద పనిచేసేదని ఇంట్లో ఎవరూ చెప్పేవాళ్లు కాదనీ, జనాభా లెక్కల కాగితాల్లో చూసి తెలుసుకున్నాననీ చెప్పాడు. ఆడవాళ్ల చాకిరీని దాచిపెట్టుకోవడంలో ఇక్కడివాళ్లకూ మనవాళ్లకూ పెద్ద తేడా లేదు.

నా పాటకు రెండో స్థానం వచ్చింది. మొదటి బహుమతి సంగీత కళాశాలలో చదువుతున్న ఒక అమ్మాయికి. సముద్రం మీద పాట. చాలా తక్కువ స్వరాలు, మధ్యలో ఒక పొడుగాటి నిశ్శబ్దం. నా పాట కన్నా అది గొప్పదని నేను అనను. పాడేవాళ్లు దాన్ని ఎక్కువ ప్రేమగా పాడారు, అది మాత్రం నిజం. నా పాట పాడేటప్పుడు వాళ్లు లెక్కపెట్టుకుంటున్నారు. ఆ అమ్మాయి నా దగ్గరకొచ్చి తాళం వేయడం మళ్లీ చూపించమంది. చూపించాను. ఆమెకు ఒక్కసారిలో వచ్చేసింది.

పోటీ ముగిశాక పనులు ఇంకా ఉన్నాయని అప్పుడు తెలిసింది. పాటను పీఆర్‌ఎస్‌లో నమోదు చేయాలి. బ్రిటన్‌లో బహిరంగంగా పాడిన పాటలకు స్వరకర్తల తరఫున డబ్బు వసూలు చేసేది వాళ్లే. మొదటిసారి వచ్చిన మొత్తంతో ఇద్దరికి పాస్టీలు (కార్న్‌వాల్ కజ్జికాయల్లాంటి కూరిన రొట్టెలు), టీ వచ్చాయి. మా బృందం ప్రతులు కొనుక్కుంది. ఫొటోకాపీలు తీసుకుంటామని ఒకరు అంటే మా కార్యదర్శి, “ఆవిడ ఎదురుగానే ఉంది, కనీసం సిగ్గుపడండి” అన్నాడట. వచ్చే ఏడు కూడా ఇలాంటి పోటీ ఉంటుందంటున్నారు. పంపుతాను. ఆ మొదటి నియమం తీసేస్తే ఇంకా సంతోషంగా పంపుతాను. తీసేసిన ఏడు వచ్చిన రచనల్లో ఆడవాళ్లవి ఎన్ని ఉంటాయో చూశాకే ఆ నియమం గురించి నా అభిప్రాయం పూర్తిగా తేలుతుంది.

ఈలోగా వేల్స్ నుంచి ఒక బృందం పాట అడిగింది. వాళ్లలో పెద్దవయసు వాళ్లు కొందరు గీతల స్వరలిపి చదవరట, సోల్‌ఫాలో కావాలన్నారు. సాఫ్ట్‌వేర్ ఈ పని సరిగ్గా చేయడం లేదు. మూడవ కాలం దగ్గర, స్వరం నిడివిని చూపే చుక్కలూ కామాలూ కలగాపులగం చేస్తోంది. అందుకని చేత్తోనే రాస్తున్నాను. బేస్‌ల వరుస అయిపోయింది, బారిటోన్లది సగంలో ఉంది.